రంగం దారిలో వెనకబడిన మనిషి పేరును కుటుంబ చరిత్రలో రాయవచ్చునా?

ప్రశ్న
అడిగినవారు: వంశధార

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె. నాలుగు తరాల మా కుటుంబ చరిత్రను చిన్న పుస్తకంగా రాసి, అన్ని ఊళ్ళలో చెదిరి ఉన్న మా వాళ్ళకు పంచిపెట్టాలని ఏడాదిగా పనిచేస్తున్నాను. భూమి తగాదాల గురించి, అప్పుల గురించి రాయడానికి నాకు సంకోచం కలగలేదు గాని, ఒక్క పేరు దగ్గరకు వచ్చేసరికి మూడు నెలలుగా కలం ముందుకు సాగడం లేదు.

మా తాతయ్య 1934 ప్రాంతంలో, పదిహేడేళ్ళ వయసులో, మేస్త్రీ ఇచ్చిన బయానా డబ్బు ఇంట్లో పెట్టి, కళింగపట్నం రేవులో ఓడ ఎక్కి బర్మాలోని రంగూన్ వెళ్ళారు. మా వైపు పాతవాళ్ళు ఆ ఊరిని రంగం అనే అంటారు. అక్కడ ధాన్యం మిల్లులో బస్తాలు మోశారు, తరువాత రేవులో పనిచేశారు. జపాను వాళ్ళు బాంబులు వేసినప్పుడు కాలినడకన బయలుదేరి, 1942 వేసవిలో ఎముకల గూడుగా ఇల్లు చేరారు. 1945లో మా మామ్మతో పెళ్ళయింది. తాతయ్య 1999లోను, మామ్మ 2011లోను కాలం చేశారు.

రంగం గురించి ఎవరు అడిగినా తాతయ్య చెప్పినది దాదాపు ఏమీ లేదు. అక్కడి బియ్యం బాగుండేవనేవారు, అంతటితో మాట మార్చేవారు. అయితే ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప ఎవరి ఇంట్లోనూ మంచినీళ్ళు ముట్టుకునేవారు కాదు. ఆ నీటి చెంబు పెళ్ళిళ్ళకు కూడా వెంట వచ్చేది. రాత్రి అందరూ పడుకున్నాక చీకట్లోనే ఒక్కొక్కరి పాదం తాకుతూ లెక్కపెట్టేవారు. చిన్నప్పుడు నేను మెలకువగా ఉండి కూడా, నా పాదం దగ్గరకు ఆ చెయ్యి వచ్చేవరకూ కదలకుండా పడుకునేదాన్ని. తీర్థానికి గాని, పొలానికి గాని అందరం కలిసి వెళ్ళేటప్పుడు ఆయన ఎప్పుడూ వరుసలో చిట్టచివర నడిచేవారు. ఒకసారి మా నాన్న విసుగుపడి, "ఇంటికి పెద్దవాడివి, ముందు నడవవా?" అని అడిగితే, "ముందు నడవకూడదు" అన్నారట. ఎందుకో చెప్పలేదు.

చివరి రెండేళ్ళలో ఆయనకు మతిమరుపు బాగా ముదిరింది. కొడుకులను గుర్తుపట్టలేదు, నన్నయితే ఎవరి పిల్లవని ప్రతిరోజూ అడిగేవారు. పొద్దు వాలేసరికి వీధి గడప మీద కూర్చుని, వచ్చే పోయే దారివైపు చూస్తూ, ఒక పేరు పెట్టి పిలిచేవారు. అది "మా" అనే అక్షరంతో మొదలయ్యేది కాబట్టి, మా అత్తలలో ఎవరినో "మా ఫలానా" అని ముద్దుగా పిలుస్తున్నారని మేమందరం చాలాకాలం అనుకున్నాము. ఆ పేరును పూర్తిగా ఇక్కడ రాయను. రాసే అధికారం నాకు ఉందో లేదో తేల్చుకోవడానికే ఈ ప్రశ్న అడుగుతున్నాను. ఆయన అలా పిలిచిన ప్రతిసారీ, వంటింట్లో ఏ పనిలో ఉన్నా మా మామ్మ, "ఆఁ, వెనకే వస్తున్నాను" అని బదులు పలికేది. ఆ మాట వినగానే తాతయ్య కుదుటపడేవారు. మామ్మ పేరు అది కాదు. అంతకుముందు ఏ రోజూ ఆమెను ఎవరూ ఆ పేరుతో పిలవగా మేము వినలేదు.

తాతయ్యకు రంగంలో ఒక బర్మా స్త్రీతో కాపురం ఉండేదని, ఆమె ఆ దారిలో ఏమయిందో తెలియదని, ఆయనతోపాటు తిరిగివచ్చిన ఒకాయన చనిపోయే ముందు మా పెదనాన్నతో అన్నారట. నాకు దొరికిన ఆధారం అంతే. నాన్న మాత్రం, "పోయినవాళ్ళ గుట్టు పుస్తకానికి ఎక్కించి మీ మామ్మను చిన్నబుచ్చుతావా?" అంటున్నారు. ఆయన మాటలో న్యాయం లేదని నేను అనలేను. ఆ పేరు రాయకుండా వదిలేస్తే, తాతయ్య అరవై ఏళ్ళు అందరి వెనక ఎందుకు నడిచారో ఆ పుస్తకం చదివినవారికి అర్థం కాదు. రంగం కాందిశీకుల కుటుంబాలవారు, యుద్ధకాలపు సంగతులు తెలిసినవారు దయచేసి మీ అభిప్రాయం చెప్పండి.


ఉప్పుటేరు రాసిన సమాధానం

అమ్మా, నేను చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మా మేనమామలు ఇద్దరు ఆ దారినే వచ్చారు. పేరు రాయాలా వద్దా అనే విషయం చివర చెబుతాను. ముందు మీరు వర్ణించిన ఆ మూడు అలవాట్ల గురించి రాయాలి, ఎందుకంటే మీ తాతయ్య చెప్పలేదని మీరు అనుకుంటున్న కథలో సగం వాటిలోనే ఉంది.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు లక్షన్నరకు పైగా ఉన్నారు. అక్కడివారు మనవాళ్ళను కోరంగీలు అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది. రేవులో, ధాన్యం మిల్లుల్లో, రిక్షాల దగ్గర మన మనుషులే ఎక్కువ. ఆడవాళ్ళను వెంట తీసుకువెళ్ళినవారు చాలా తక్కువ. 1930 మే నెలలో రంగూన్ రేవులో పని విషయమై మన కూలీలకూ బర్మా కూలీలకూ చెలరేగిన ఘర్షణలో వందకు పైగా ప్రాణాలు పోయాయి, వారిలో ఎక్కువమంది మనవాళ్ళే. అటువంటి పగలు రగిలిన ఊరిలో ఒక కోరంగీ కూలీ, ఒక బర్మా స్త్రీ కాపురం పెట్టారంటే, అది ఇరువైపుల వారి కోపానికీ ఎదురు నిలిచిన కాపురమని గుర్తుంచుకోండి.

1941 డిసెంబరు 23న, మళ్ళీ 25న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆకాశంలో విమానాలు పోరాడుతుంటే వింతగా చూస్తూ వీధుల్లో నిలబడిన జనమే ఎక్కువగా చనిపోయారు. ఆ తరువాత నగరం విడిచి, ఉత్తరాన ఉన్న ప్రోమ్ పట్టణం వైపు నడక మొదలయింది. రేవు పని ఆగిపోతుందని ప్రభుత్వం మొదట్లో కూలీలను దారిలోనే ఆపి వెనక్కి పంపింది. ఓడలలో డెక్కు టిక్కెట్టు పేదవాడికి దొరకడం గగనమయింది. 1942 మార్చి మొదటివారం దాటేసరికి రంగూన్ జపాను చేతికి చిక్కింది. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది భారతీయులు కాలినడకన బయలుదేరారని, దారిలో చనిపోయినవారు కనీసం పదివేలని కొందరు, యాభైవేలకు తక్కువ ఉండరని కొందరు అంచనా వేశారు. ఇంత తేడా ఎందుకు వచ్చిందంటే ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి. అందుకే మీ తాతయ్య రాత్రులు పాదాలు లెక్కపెట్టేవారన్న మాట చదివినప్పుడు నేను కాసేపు ముందుకు చదవలేకపోయాను.

వేసవి నాటికి ఇల్లు చేరారంటే, ఆయన ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ కొండల మీదుగా టౌంగుప్ వైపు నడిచిన మొదటి గుంపులలో ఉండి ఉంటారని నా ఊహ. అది నూరు మైళ్ళకు పైబడిన కొండదారి. చాలాచోట్ల ఒకరి వెనక ఒకరు తప్ప పక్కపక్కన నడిచే వీలు లేని దారి. ఆ నెలలు ఎండాకాలానివి కాబట్టి నీరు దొరికే చోటు తక్కువ, దొరికిన చోట అప్పటికే వేలమంది దిగి ఉండేవారు. ప్రోమ్ మకాముల్లోనే కలరా పుట్టి జనంతోపాటు కొండ ఎక్కింది. కాచిన నీటి చెంబు కథ అక్కడిది. ఒంటి వరుసగా సాగే దారిలో ముందు నడిచేవాడికి వెనక ఎవరు కూర్చుండిపోయారో తెలియదు. వెనక్కి తిరిగి వెళదామంటే ఎదురుగా వచ్చే జనం తోసుకువస్తూ ఉంటారు. మా పెద్దమేనమామ ఇదే మాట చెప్పి, అంతకుమించి చెప్పలేక లేచి వెళ్ళిపోయేవారు. మీ తాతయ్య విషయంలో ఏం జరిగిందో నేను నిర్ధారించి చెప్పలేను. ఆమె ప్రోమ్ నుంచే వెనుదిరిగి ఉండవచ్చు, అసలు రంగం వదిలి రాకపోయి ఉండవచ్చు కూడా. అయినా "ముందు నడవకూడదు" అన్న ఆయన మాటను మాత్రం నేను ఆ కొండదారి నుంచి విడదీసి వినలేకపోతున్నాను.

ఇంకొక సంగతి కూడా మీ పుస్తకంలో ఉండాలి. వాళ్ళు ఇల్లు చేరేసరికి ఇల్లు కూడా నెమ్మదిగా లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడి, తీరమంతా పెట్టేబేడా సర్దుకుని లోపలి ఊళ్ళకు పోతున్న సమయమది. కొండలు దాటి వచ్చినవాడి గోడు కూర్చుని వినే ఓపిక అప్పుడు ఎవరికుంది? ఆ వేసవిలో నోరు మూసుకున్నవారు ఆ తరువాత కూడా తెరవలేదు.

రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఆ యుద్ధంలో చనిపోయి సమాధికి కూడా నోచుకోని దాదాపు 27,000 మంది సైనికుల పేర్లు రాతి స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. అది న్యాయమే. ఆ కొండల్లో రాలిన కూలీల పేర్లు, వాళ్ళ వెంట నడిచిన స్త్రీల పేర్లు ఏ రాతి మీదా లేవు. ఎనభై ఏళ్ళ తరువాత ఒక పేరు మీ చేతికి వచ్చింది. రాయండి అనే నేను చెబుతాను.


బర్మా క్యాంపు రాసిన సమాధానం

మీ ప్రశ్న చదివిన వెంటనే మీకు ఒక విషయం చెప్పాలనిపించింది. నేను బర్మాలో పుట్టాను. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, తరువాత దుకాణాలన్నీ జాతీయం చేసి, 1964 మే నెలలో పెద్ద నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు మా నాన్నగారి జీవితమంతా ఒక్కరోజులో చిత్తుకాగితం అయింది. మరుసటి ఏడాది మేము ఓడలో వచ్చాము. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని పిలిచే చోట పెరిగాను. మా అమ్మమ్మ బర్మా ఆవిడ.

మీ తాతయ్య పిలుపులోని "మా" తెలుగు మాట కాదు. బర్మా భాషలో వయసులో ఉన్న స్త్రీ పేరుకు ముందు, అక్క అనే అర్థంలో, గౌరవంగా "మా" అని చేర్చి పిలుస్తారు. వయసు పైబడిన తరువాత, లేదా సంఘంలో పెద్దరికం వచ్చిన తరువాత అదే స్త్రీని "డో" అంటారు. మా అమ్మమ్మ విశాఖలో చీర కట్టుకుని, చింతపండు పులుసు వండుతూ ముసలిదయింది. క్యాంపులోని బర్మా తెలిసినవాళ్ళు ఆమెను మొదట "మా" అని పిలిచేవారట, నాకు బుద్ధి తెలిసేసరికి అందరూ "డో" అంటున్నారు. మీ తాతయ్య ఎనభై ఏళ్ళు దాటి కూడా ఆ గడప మీద కూర్చుని "మా" అనే పిలిచారంటే, ఆయన మనసులో ఆమె ఇరవై ఏళ్ళ వయసు దాటలేదన్నమాట.

మా ఇంట్లో పరిస్థితి మీకు తిరగేసినట్లుగా ఉండేది. మా తాతయ్య, అమ్మమ్మ యుద్ధకాలమంతా బర్మాలోనే ఒక పల్లెలో దాక్కుని బతికారు, విడిపోలేదు. కాని ఇక్కడికి వచ్చాక అమ్మమ్మ తన అక్కచెల్లెళ్ళ ముఖం మరల చూడలేదు. ఆమెకు రాయడం వచ్చు, ఉత్తరాలు రాసేది, కొన్నాళ్ళకు జవాబులు రావడం మానేశాయి. పండుగనాడు మాత్రం ఒక మూల కూర్చుని తన భాషలో ఎవరెవరి పేర్లో మెల్లగా చెప్పుకునేది. మాకు అవి పాటలాగా వినిపించేవి. అవి ఎవరి పేర్లో అడిగి రాసుకోలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీకు ఒక్క పేరైనా దొరికింది.


గౌతమి రాసిన సమాధానం

పై ఇద్దరు పెద్దలు చెప్పినదానితో నేను విభేదించడం లేదు. రాయండి. ఎలా రాస్తారన్నది మాత్రం నాకు ముఖ్యంగా తోస్తోంది, ఎందుకంటే ఇటువంటి సందర్భంలో మనం తెలియకుండానే ఒక అందమైన విషాద ప్రేమకథను అల్లుతాము, అందులో ఆ స్త్రీ తన పురుషుడి జ్ఞాపకంగా తప్ప మనిషిగా మిగలదు.

ఆ రోజుల్లో బర్మా స్త్రీలకు మన పురుషుల మీద న్యాయమైన ఫిర్యాదులు ఉండేవి. హిందువును చేసుకున్న బౌద్ధ స్త్రీ కాపురాన్ని హిందూ ధర్మశాస్త్రం పెళ్ళిగా గుర్తించేది కాదు. భర్త చనిపోయినా, ఓడ ఎక్కి వెళ్ళిపోయినా ఆమెకు ఆస్తిలో హక్కు ఉండేది కాదు, పిల్లలకూ ఉండేది కాదు. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే 1939లో బర్మాలో బౌద్ధ స్త్రీల వివాహం, వారసత్వం గురించి ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసివచ్చింది. స్వదేశంలో భార్య ఉండి కూడా అక్కడ మరో కాపురం పెట్టినవారు, ఇక్కడికి వచ్చాక అక్కడి పిల్లల ఊసే ఎత్తనివారు ఉన్నారు. మీ తాతయ్య అటువంటివారని నేను అనడం లేదు. పదిహేడేళ్ళకు వెళ్ళారు, ఇక్కడ పెళ్ళి తరువాతనే అయింది. అయినా ఆమె వైపు నుంచి చూస్తే, ఆమెకు ఒక తల్లి ఉండి ఉంటుంది, ఒక వీధి ఉండి ఉంటుంది, నడవాలా ఆగాలా అన్న నిర్ణయం ఆమె కూడా తీసుకుని ఉంటుంది. కొండమీద కూర్చుండిపోయిందనే మనం ఎందుకు ఊహించుకోవాలి? వెనుదిరిగి తల్లి ఇంటికి వెళ్ళి, ఆమె కూడా ఎవరికీ చెప్పకుండా ఒక పేరు దాచుకుని ముసలిదయి ఉండవచ్చు గదా. ఈ సందేహాన్ని సందేహంగానే రాయండి.

మీ మామ్మ గురించి కూడా ఒక మాట. దయచేసి ఆమెను త్యాగమూర్తి అని రాయకండి. "ఆఁ, వెనకే వస్తున్నాను" అన్న మాటలో నాకు త్యాగం వినిపించలేదు. ఆమె కేవలం "ఆఁ" అని ఊరుకుని ఉంటే, రోగిని ఊరడించిందని అనుకునేదాన్ని. "వెనకే" అన్నదంటే ఆమెకు కథ తెలుసు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది మీరు ఇంకా కనుక్కోలేదు. మీ మామ్మ తోబుట్టువులు ఎవరైనా ఉంటే, పుస్తకం ముగించే ముందు వెళ్ళి అడగండి.


రాత్రి విధి రాసిన సమాధానం

వృద్ధుల వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. చరిత్ర నాకు తెలియదు, మీ తాతయ్య వంటివారిని మాత్రం దగ్గరగా చూశాను.

మతిమరుపు వ్యాధిలో కొత్త జ్ఞాపకాలు ముందుగాను, పాతవి ఆలస్యంగాను పోతాయని 1881లోనే రిబో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రాశాడు. పైగా మనిషికి పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపు జరిగినవి మిగిలిన జీవితం కంటే గట్టిగా నిలుస్తాయి. మీ తాతయ్యకు ఆ వయసులో ఎనిమిదేళ్ళు రంగంలోనే గడిచాయి. పగలంతా మామూలుగా ఉన్నవారు పొద్దు వాలేసరికి కలతపడటం, ఎవరినో వెతకడం, ఇంట్లోనే ఉండి ఇంటికి వెళ్ళాలనడం మేము వార్డులో ప్రతి సాయంత్రం చూసేవాళ్ళము. యుద్ధాలలో పనిచేసినవారికి, యుద్ధంలో చిక్కుకున్నవారికి దశాబ్దాలుగా అణిగి ఉన్న భయం ఈ దశలో తిరిగి పైకి రావడం వైద్యులు గమనించిన విషయమే. జీవితమంతా పని, పిల్లలు, సంసారం అనే బరువులు పెట్టి మూసి ఉంచిన మూత, ఆ బరువులను మరచిపోయిన రోజున లేచిపోతుంది. యుద్ధానంతర మానసిక గాయానికి 1980లో గాని వైద్యశాస్త్రం ఒక స్థిరమైన పేరు పెట్టలేదు, అదీ వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికుల వల్ల. రంగం కూలీని ఆ దృష్టితో పరీక్షించినవారు ఎవరున్నారు?

మీ నాన్నగారికి ఈ ఒక్క మాట చెప్పండి. ఆ స్థితిలో రోగి ఒక పేరు పిలిచాడంటే, పక్కనున్న భార్యను కాదనుకున్నాడని అర్థం కాదు. మనిషిని పోల్చుకోలేకపోయినా, ఆదరించే గొంతును పోల్చుకుంటారు. ఆ పేరుకు ఇంట్లో ఇంకెవరు బదులిచ్చినా ఆయన కుదుటపడేవారా? మీరే గుర్తుచేసుకోండి. మా వార్డులో ఒక పెద్దాయన తన తమ్ముడిని పిలుస్తుంటే, తమ్ముడు ముప్పై ఏళ్ళ క్రితమే పోయాడని నేను నిజం చెప్పాను. ఆయనకు ఆ చావు ఆ క్షణంలోనే జరిగినట్లయింది. మరుసటి రోజు మళ్ళీ అడిగారు. నేను మళ్ళీ ఆ తప్పు చేయలేదు. నేను అలా నేర్చుకున్నదాన్ని మీ మామ్మ ఎవరూ నేర్పకుండానే చేసింది.


పెరాక్ రాసిన సమాధానం

మలేషియా నుంచి రాస్తున్నాను. మా ముత్తాతల కాలంలో పెరాక్‌లోని కొబ్బరి తోటలకు వచ్చిన తెలుగు కుటుంబం మాది. మాకు యుద్ధం అంటే సయాం రైలు. థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుదారి వేయడానికి జపాను సైన్యం మలయా తోటల నుంచి తమిళులను, తెలుగువారిని మంచి కూలి అని మభ్యపెట్టి, తరువాత పట్టుకుపోయి పనిచేయించింది. అక్కడ చనిపోయిన ఆసియా కూలీలు లక్షకు దగ్గరగా ఉంటారని అంచనా. మా ముత్తాత 1943లో వెళ్ళారు. ఆయన చనిపోయారని చెప్పడానికి ఒక మనిషి గాని, ఒక కాగితం గాని రాలేదు.

మా ముత్తవ్వ అందువల్ల బొట్టు తీయలేదు, కర్మ చేయనివ్వలేదు. ఏడేళ్ళు కబురు లేకపోతే మనిషి పోయినట్లే భావించవచ్చునని చట్టం అంటుంది. భర్త ఆచూకీ లేకుండా పోతే స్త్రీ మరల పెళ్ళి చేసుకోవచ్చునని పరాశర స్మృతి అంటుంది. విద్యాసాగరుడు, వీరేశలింగంగారు ఆ శ్లోకాన్నే ఆధారంగా చూపారు. మా ముత్తవ్వకు ఈ రెండూ వివరించి చెప్పినవారు తోటలో ఉన్నారట. ఆమె మాత్రం నలభై ఏళ్ళు రాత్రి అన్నంలో ఒక ముద్ద అదనంగా వండింది. వియత్నాంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల భార్యలను పరిశీలించిన పాలీన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు, చావు అని తేలని ఇటువంటి దుఃఖం మామూలు దుఃఖంలాగా కాలంతో తగ్గదని 1970లలోనే చెప్పారు. మీ తాతయ్యది కూడా తేలని దుఃఖమే. మా కుటుంబ వృక్షంలో ముత్తాత పేరు పక్కన పుట్టిన ఏడు రాసి, చనిపోయిన ఏడు ఉండవలసిన చోట ఖాళీ ఉంచాము. మీరు కూడా ఆ పేరు పక్కన అలాగే ఉంచవచ్చు.


వంశధార తిరిగి రాసినది

అందరికీ చేతులు జోడించి నమస్కరిస్తున్నాను. గౌతమిగారు చెప్పినట్లు, మామ్మ చెల్లెలు ఉన్న ఊరికి పోయిన ఆదివారం వెళ్ళివచ్చాను. చిన్నమామ్మకు ఇప్పుడు ఎనభై ఏడేళ్ళు. వినికిడి తగ్గింది గాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు.

నేను అడగబోయేది సగంలో ఉండగానే ఆమె, "రంగం ఆవిడ గురించేనా?" అన్నది. పెళ్ళయిన మొదటి ఏడాదిలోనే తాతయ్య ఒక రాత్రి మామ్మకు అంతా చెప్పారట. ఏం చెప్పారో చిన్నమామ్మకు తెలియదు, ఎందుకంటే మామ్మ తన చెల్లెలికి కూడా చెప్పలేదు. "అది నాకు చెప్పిన మాట, నీకు చెప్పిన మాట కాదు" అన్నదట. కాబట్టి ఆ కొండమీద ఏం జరిగిందో ఇక ఎప్పటికీ తెలియదు. దానిని అలాగే రాస్తాను.

చిన్నమామ్మ ఇంకొక సంగతి చెప్పింది. మా వైపు సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెడతారు. చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక పంచో, చీరో పసుపు పెట్టి వరుసగా పెట్టి దణ్ణం పెట్టుకుంటాము. మామ్మ ప్రతి ఏడూ ఆ వరుసకు ఎడంగా, వీధి గడపకు లోపలివైపు, మడత విప్పని గుడ్డ ఒకటి పెట్టేది. మేమందరం చూశాము. అది తాతయ్య కట్టుకునే లుంగీ అనే అనుకున్నాము. చిన్నమామ్మ ఒకసారి, ఎవరికో చెప్పకపోతే ఊరుకోనని పట్టుబడితే, "పోయిందో ఉందో తెలియని మనిషిని పోయినవాళ్ళ వరుసలో ఎలా పెడతాను? ఉంటే కట్టుకుంటుంది" అన్నదట. అది పువ్వుల అంచు ఉన్న ఆడవాళ్ళ గుడ్డ. బర్మాలో స్త్రీలు నడుముకు చుట్టుకునే రకం. పండుగ దాటాక దారిన పోయే ఏ పేదరాలికో ఇచ్చేసేది.

ఇంటికి వచ్చి ఇదంతా నాన్నకు చెప్పాను. పుస్తకం గురించి ఆయన ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటి తరువాత, ఆ గుడ్డ ఎన్ని మూరలు ఉండేదో చిన్నమామ్మను అడిగావా అన్నారు. అడగలేదు. రేపు ఫోను చేసి కనుక్కుంటాను. బర్మా క్యాంపువారూ, మీ అమ్మమ్మగారు కట్టుకున్న కొలత మీకు గుర్తుంటే మీరైనా చెప్పండి.